లాస్ వేగస్ నుంచి ఆర్వీలో 10 రాత్రులు: అమ్మానాన్నలు, పిల్లలతో మొదటిసారి బయల్దేరేవారికి

మీరు అడిగింది ఇదీ. పిల్లలకు సెలవులు ఇవ్వగానే లాస్ వేగస్‌లో ఆర్వీ, అంటే లోపలే మంచాలు, వంటగది, బాత్రూమ్ ఉండే పెద్ద బండి, అద్దెకు తీసుకుని, 10 రాత్రుల్లో గ్రాండ్ కాన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ, మెసా వెర్డే, ఆర్చెస్, బ్రైస్, జయాన్, కుదిరితే యెల్లోస్టోన్ కూడా చూడాలి. మీరిద్దరు, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వస్తున్న మీ అమ్మానాన్నలు కలిపి 6 మంది. మీలో ఎవరూ ఇంతకుముందు ఆర్వీ నడపలేదు.

ముందుగా యెల్లోస్టోన్ పేరు కొట్టేయండి. బ్రైస్ నుంచి అక్కడికి 550 మైళ్లకు పైనే ఉంటుంది. పోను రెండు రోజులు, రాను రెండు రోజులు రోడ్డు మీదే గడిచిపోతాయి. తర్వాత జయాన్ పేరు కూడా తీసేయమంటాను. ఇది మీకు నచ్చకపోవచ్చు, కానీ కారణాలున్నాయి. మార్చి నుంచి నవంబర్ వరకు జయాన్ లోయలోని ముఖ్యమైన రోడ్డు మీదికి సొంత వాహనాలను రానివ్వరు, షటిల్ బస్సులోనే వెళ్లాలి. 30 అడుగుల బండికి పార్కింగ్ దొరకడం కష్టం. అన్నిటికంటే ముఖ్యం, బ్రైస్ వైపు నుంచి జయాన్‌కు వచ్చే దారిలో 1930లో పూర్తయిన పాత సొరంగం ఒకటుంది. 11 అడుగుల 4 అంగుళాల కంటే ఎత్తు, లేదా 7 అడుగుల 10 అంగుళాల కంటే వెడల్పు ఉన్న బండ్లను ఒకప్పుడు పర్మిట్ తీసుకుని, ఎదురు ట్రాఫిక్ ఆపి పంపేవాళ్లు. 2026 జూన్ నుంచి అలాంటి పెద్ద బండ్లకు ఆ దారి మూసేశారు. అద్దెకు దొరికే ఆర్వీలు దాదాపు అన్నీ ఆ వెడల్పు దాటినవే. చుట్టూ తిరిగి ఇంటర్‌స్టేట్ 15 మీదుగా వస్తే 85 మైళ్ల ప్రయాణం 150 మైళ్లు అవుతుంది. లాస్ వేగస్ నుంచి జయాన్ 160 మైళ్లే కాబట్టి, ఇంకెప్పుడైనా కారులో వారాంతానికి వెళ్లి హాయిగా చూడొచ్చు.

ఆర్వీ ట్రిప్ ప్లాన్ చేసేవాళ్లు ఎక్కువమంది చూడాల్సిన చోట్ల జాబితా ముందు పెట్టుకుని, మధ్యలో గీతలు కలుపుతారు. నేను రాత్రులు ఎక్కడ గడపాలో ముందు తేల్చుకుంటాను. ఆర్వీలో రోజూ మకాం మార్చడమంటే పొద్దున్నే కరెంటు తీగ, నీళ్ల గొట్టం, డ్రైన్ గొట్టం విప్పి, ట్యాంకులు ఖాళీ చేసి, కప్పులు కంచాలు దొర్లకుండా సర్ది, సాయంత్రం ఇవన్నీ మళ్లీ బిగించడం. అలవాటు లేనివాళ్లకు పొద్దున గంట, సాయంత్రం గంట పడుతుంది. పెద్దవాళ్లు, పిల్లలు ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే వీలైన ప్రతిచోటా రెండు రాత్రులు ఉండండి. అలా లెక్కపెడితే మీ 10 రాత్రులు ఇలా వస్తాయి: మొదటి రాత్రి కింగ్‌మన్, తర్వాత రెండు గ్రాండ్ కాన్యన్, ఒకటి మాన్యుమెంట్ వ్యాలీ, రెండు మెసా వెర్డే, రెండు ఆర్చెస్ పక్కనున్న మోఆబ్ ఊళ్లో, ఒకటి బ్రైస్, ఆఖరిది సెయింట్ జార్జ్ చుట్టుపక్కల. అన్నీ కలిపి 1300 మైళ్ల పైచిలుకు, లోపల తిరిగేది కలుపుకుంటే 1400 అనుకోండి.

మొదటి రోజు కింగ్‌మన్ దాటి వెళ్లొద్దని గట్టిగా చెబుతాను. ఆర్వీ చేతికొచ్చేసరికి మధ్యాహ్నం దాటుతుంది. బండి గురించి వాళ్లు వివరించడానికి గంట, సరుకులు కొని ఫ్రిజ్‌లో సర్దడానికి ఇంకో రెండు గంటలు. కింగ్‌మన్ 100 మైళ్ల దూరం, తిన్నని రోడ్డు. ఫుల్ హుకప్ ఉన్న క్యాంప్‌గ్రౌండ్‌లో, అంటే కరెంటు, నీళ్లు, డ్రైన్ మూడూ బండి నిలిపే సైట్ దగ్గరే ఉన్నచోట, మొదటి రాత్రి పడుకోండి. హీటర్ వెలగకపోయినా, కుళాయి కారినా అద్దెకిచ్చిన కంపెనీకి ఫోన్ చేసే అవకాశం ఇంకా ఉంటుంది. బండి అప్పగించేటప్పుడు వాళ్లు చెప్పేదంతా ఫోన్‌లో వీడియో తీసుకోండి. బండి నాలుగు పక్కలా, పైకప్పు అంచులు, ముందు అద్దం, టైర్లు కూడా తీయండి.

బండి ఎంపిక విషయానికొస్తే, 6 మందికి క్లాస్ సీ రకంలో 28 నుంచి 30 అడుగులది సరిపోతుంది. డ్రైవర్ తల మీద మంచం ఉండేది ఇదే. ఆ మంచం పిల్లలకు ఇష్టమైన చోటు, వెనక గది మంచం అమ్మానాన్నలకు, మధ్యలో డైనింగ్ టేబుల్ దించి చేసే పరుపు మీకు. వెబ్‌సైట్‌లో 7 మంది పడుకోవచ్చు అని రాసి ఉంటుంది. అది మంచాల లెక్క. మీరు చూడాల్సింది సీట్‌బెల్టుల లెక్క, వాటిలో ముందుకు తిరిగి ఉన్న సీట్లు ఎన్ని అన్నది. పిల్లల కార్ సీట్లు పక్కకు తిరిగిన సోఫాల మీద బిగించకూడదు. బండి కదులుతుండగా ఎవరూ లేచి తిరగకూడదు. బాత్రూమ్‌కైనా సరే, పక్కకు ఆపాకే.

పెద్దవాళ్లతో ఆర్వీ మంచిదా, కారు తీసుకుని హోటళ్లలో ఉండడం మంచిదా అని కూడా అడిగారు. నిజం చెప్పాలంటే ఆర్వీ వెనక భాగంలో ప్రయాణం కారంత మెత్తగా ఉండదు. గిన్నెలు గలగలమంటాయి, గాలికి బండి ఊగుతుంది. నడుం నొప్పి ఉన్నవాళ్లను ముందు డ్రైవర్ పక్క సీట్లో కూర్చోబెట్టడం మేలు. అయితే ఈ దారుల్లో బాత్రూమ్ మనతోనే ఉండడం, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంటి భోజనం, మధ్యాహ్నం ఎండలో ఓ గంట పడుకోవడానికి సొంత మంచం, ఈ మూడూ 65 దాటినవాళ్లకు ఎంత ఊరటో వెళ్లొచ్చాక మీకే తెలుస్తుంది. బీపీ, షుగర్ మందులకు ప్రత్యేకంగా టెన్షన్ పడక్కర్లేదు, ఫ్రిజ్ పక్కనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: ప్రొపేన్ గ్యాస్ మీద నడిచే పాతరకం ఆర్వీ ఫ్రిజ్, బండి సమతలంగా లేకపోతే సరిగ్గా చల్లబడదు. కొంచెం వాలున్న సైట్ అయితే లెవెలింగ్ దిమ్మలు చక్రాల కింద పెట్టండి.

ఇక బుకింగ్‌లు. క్యాంప్‌గ్రౌండ్లు దొరికాకే మిగతావన్నీ ఖాయం చేసుకోండి. ఫెడరల్ ప్రభుత్వ క్యాంప్‌గ్రౌండ్లు చాలావరకు రిక్రియేషన్ డాట్ గవ్ సైట్‌లో 6 నెలల ముందు తెరుచుకుంటాయి. జూన్ తేదీలైతే తెరిచిన పొద్దునే అయిపోవచ్చు. గ్రాండ్ కాన్యన్ దక్షిణ అంచున రెండు చోట్లున్నాయి. మేథర్ క్యాంప్‌గ్రౌండ్ చెట్ల మధ్య అందంగా ఉంటుంది, కానీ హుకప్‌లు లేవు, 30 అడుగులకు మించిన బండికి చోటు లేదు. దాని పక్కనే ఉన్న ట్రైలర్ విలేజ్‌లో ఫుల్ హుకప్‌లు ఉన్నాయి. అది ప్రైవేటు కంపెనీ నడిపేది, బుకింగ్ ఇంకా ముందే మొదలవుతుంది. మీకు ట్రైలర్ విలేజే సరైనది. అక్కడ ఎత్తు సుమారు 7000 అడుగులు, జూన్‌లో కూడా రాత్రి 10 డిగ్రీల సెల్సియస్ కిందికి పోతుంది. హీటర్ ప్రొపేన్‌తో మండినా దాని ఫ్యాన్ బ్యాటరీ మీద తిరుగుతుంది. హుకప్ లేనిచోట రాత్రంతా హీటర్ వేస్తే తెల్లారేసరికి బ్యాటరీ దిగిపోవచ్చు, రాత్రిపూట జనరేటర్ వేయనివ్వరు.

తేదీల గురించి ఒక మాట. మే ఆఖరి సోమవారం మెమోరియల్ డే. ఆ వారాంతం వదిలేసి జూన్ మొదటి వారంలో బయల్దేరండి. జులై వచ్చిందంటే ఈ ఎడారి ప్రాంతాల్లో మధ్యాహ్నపు వానలు మొదలవుతాయి. ఎక్కడో దూరంగా కురిసిన వాన ఇక్కడ ఇరుకు లోయలో వరదై వస్తుంది. 1997 ఆగస్టులో లోయర్ యాంటెలోప్ కాన్యన్‌లో అలా 11 మంది చనిపోయారు. వాన సూచన ఉన్న రోజు పొడిగా కనిపించే వాగులోకి పిల్లలను దిగనివ్వకండి.

పాస్ సంగతి. నేషనల్ పార్కులన్నిటికీ చెల్లే అమెరికా ది బ్యూటిఫుల్ వార్షిక పాస్ ఇక్కడ నివసించేవాళ్లకు 80 డాలర్లు, మీరు గుర్తింపు కార్డు చూపించాలి. 2026 మొదలు విదేశీ సందర్శకులకు ఆ పాస్ 250 డాలర్లు. పాస్ లేకుండా వచ్చే 16 ఏళ్లు దాటిన విదేశీయులకు 11 పెద్ద పార్కుల్లో మామూలు రుసుముకు అదనంగా తలకు 100 డాలర్లు. గ్రాండ్ కాన్యన్, బ్రైస్ ఆ జాబితాలో ఉన్నాయి. మీ అమ్మానాన్నలు విజిటర్ వీసా మీద వస్తున్నారు కాబట్టి, మీ పాస్‌తో ఒకే బండిలో వచ్చేవాళ్లకు ఏది వర్తిస్తుందో బయల్దేరే ముందు పార్కు ఫీజుల పేజీలో చదివి, ఆ డబ్బు బడ్జెట్‌లో వేసుకోండి. మాన్యుమెంట్ వ్యాలీ నవాహో అనే అమెరికా ఆదివాసుల సొంత పార్కు, అక్కడ ఈ పాస్ చెల్లదు, మనిషికింత అని విడిగా కట్టాలి.

ఇప్పుడు దారిలోకి వద్దాం.

గ్రాండ్ కాన్యన్‌లో బండిని సైట్‌లోనే వదిలేసి ఉచిత షటిల్ బస్సులెక్కండి. హెర్మిట్ రోడ్డులోకి మార్చి నుంచి నవంబర్ దాకా సొంత బండ్లు ఎలాగూ వెళ్లవు. పెద్దవాళ్లకు, పిల్లలకు కలిపి ఒకే చోటు చెప్పమంటే యవపాయ్ జియాలజీ మ్యూజియం నుంచి విలేజ్ వైపు అంచు వెంట వెళ్లే ట్రెయిల్ ఆఫ్ టైమ్ చెబుతాను. చదునైన సిమెంటు, తారు దారి. అందులో ఒక్కో మీటరు 10 లక్షల సంవత్సరాలు. ఏ కాలపు రాయి ఆ చోట నిలబెట్టి ఉంటుంది, చేత్తో తాకొచ్చు. పిల్లాడు ఒక పెద్ద అడుగు వేస్తే 10 లక్షల ఏళ్లు వెనక్కి వెళ్లినట్టే. లోయ అడుగున కనిపించే నల్లటి రాళ్ల వయసు 170 కోట్ల సంవత్సరాల పైమాట, వాటి పేరు విష్ణు శిలలు. ఆ లోయలో బ్రహ్మ, విష్ణు, శివ పేర్లతో శిఖరాలు ఉన్నాయి. 1880లలో ఇక్కడ పరిశోధించిన భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్ తూర్పు దేశాల దేవతల పేర్లు పెట్టే ఆ పద్ధతి మొదలుపెట్టాడు. మీ నాన్నగారికి ముందే చెప్పకండి, మ్యాపులో ఆయన్నే వెతకనివ్వండి.

రెండు రాత్రులు గడిపాక పొద్దున అక్కడి నుంచి తూర్పుగా డెజర్ట్ వ్యూ దారి పట్టండి. దారిలో టుసాయాన్ దగ్గర సుమారు 800 ఏళ్ల కిందటి చిన్న పల్లె శిథిలాలు, చివర 1932లో మేరీ కోల్టర్ కట్టించిన రాతి వాచ్‌టవర్ ఉన్నాయి. అక్కడి నుంచి కామెరాన్ వైపు దిగడమే మీ మొదటి పెద్ద వాలు. బ్రేకు మీద కాలు పెట్టి ఉంచితే వేడెక్కి పట్టు తప్పుతుంది. దిగకముందే గేరు తగ్గించి, బండికి టో హాల్ బటన్ ఉంటే నొక్కి, ఇంజనే బండిని పట్టి ఉంచేలా చూడండి. వేగం పెరిగినప్పుడు ఒకసారి గట్టిగా నొక్కి, తగ్గాక పూర్తిగా వదిలేయాలి. వెనక కార్లు వరసకట్టాయంటే మొదటి పుల్ అవుట్‌లో, అంటే రోడ్డు పక్కన ఆగడానికి వదిలిన చోట, పక్కకు తప్పుకోండి. 4 టన్నుల పైగా ఉన్న బండిని ఎవరికోసమో తొందరగా నడపకూడదు.

మాన్యుమెంట్ వ్యాలీ గ్రాండ్ కాన్యన్ నుంచి 180 మైళ్లు. ఇక్కడ గడియారం తికమక ఉంది. అరిజోనా వేసవిలో గడియారం మార్చదు, నవాహోల సొంత ప్రాంతమైన నవాహో నేషన్ మారుస్తుంది. అంటే గ్రాండ్ కాన్యన్‌లో 3 అయితే అక్కడ 4. ఫోన్లు అటూ ఇటూ మారుతుంటాయి, టూర్ బుక్ చేస్తే ఏ సమయమో అడిగి రాసుకోండి. లోపలి 17 మైళ్ల మట్టి రోడ్డు మీద ఆర్వీలను అనుమతించరు. నవాహో గైడ్ల వాహనంలో వెళ్లాలి. తెరిచి ఉన్న ట్రక్కులో దుమ్ము, కుదుపులు ఎక్కువ, కాబట్టి అమ్మానాన్నల కోసం మూసి ఉన్న వాహనం అడగండి, లేదా వాళ్లు విజిటర్ సెంటర్ అరుగు మీద కూర్చుని సాయంత్రపు వెలుగులో ఎదురుగా కనిపించే మూడు కొండలు చూస్తే చాలు, ఏమీ తక్కువ కాదు. అది జనం కాపురముండే నేల. ఇళ్లు, మనుషుల ఫోటోలు అడగకుండా తీయొద్దు. డ్రోన్ ఎగరేయకూడదు. నవాహో నేషన్‌లో మద్యం నిషేధం.

మెసా వెర్డే గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే ఈ ట్రిప్‌లో జనం హడావిడిగా దాటేసేది ఇదే, నాకు అన్నిటికంటే విలువైనదీ ఇదే. మిగతాచోట్ల ప్రకృతి చేసిన పని చూస్తాం. ఇక్కడ 1190ల నుంచి 1270ల మధ్య మనుషులు కొండ అరల్లో రాయి, మట్టితో కట్టుకున్న ఊళ్లు చూస్తాం. అన్నిటిలో పెద్దదైన క్లిఫ్ ప్యాలెస్‌లో 150 దాకా గదులున్నాయి. 1888 డిసెంబర్‌లో పశువులను వెతుక్కుంటూ వచ్చిన రిచర్డ్ వెదరిల్, చార్లీ మేసన్ కంట పడ్డాకే బయటి ప్రపంచానికి దీని సంగతి తెలిసింది. 1906లో నేషనల్ పార్క్ అయింది. అక్కడి జనం అకస్మాత్తుగా మాయమయ్యారని చాలాచోట్ల రాస్తారు, అది నిజం కాదు. 1276 నుంచి దాదాపు పాతికేళ్లు కరువు పడింది, వనరులు తరిగాయి, వాళ్లు దక్షిణానికి తరలిపోయారు. న్యూ మెక్సికోలోని ప్యూబ్లో ఊళ్లలో, అరిజోనాలో హోపీ ఊళ్లలో వాళ్ల వారసులు ఈనాటికీ ఉన్నారు. పిల్లలకు ఈ మాట తప్పక చెప్పండి.

క్లిఫ్ ప్యాలెస్‌లోకి పార్కు ఉద్యోగి అయిన రేంజర్‌తోనే వెళ్లాలి. టికెట్లు సరిగ్గా 14 రోజుల ముందు, అక్కడి మౌంటెన్ టైమ్ ప్రకారం పొద్దున 8 గంటలకు రిక్రియేషన్ డాట్ గవ్‌లో పెడతారు. అలారం పెట్టుకుని కూర్చోండి. ఎగుడుదిగుడు రాతి మెట్లు, నిచ్చెనలు ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు వద్దు. బాల్కనీ హౌస్ ఇంకా కష్టం, 32 అడుగుల నిచ్చెన, ఆపై పాకుతూ దూరాల్సిన ఇరుకు సందు. మీ అమ్మానాన్నలకు మెసా టాప్ లూప్ చాలా బాగుంటుంది. ఒక్కొక్క మలుపు దగ్గర ఆగుతూ, గుంట ఇళ్ల కాలం నుంచి కొండ ఇళ్ల దాకా 600 ఏళ్ల కథ వరసగా కనిపిస్తుంది. సన్ పాయింట్ నుంచి క్లిఫ్ ప్యాలెస్ ఎదురుగా కనబడుతుంది. బైనాక్యులర్ తీసుకెళ్లండి. లోపలి మోర్‌ఫీల్డ్ క్యాంప్‌గ్రౌండ్ 7800 అడుగుల ఎత్తున ఉంది, ఫుల్ హుకప్ సైట్లు కొన్నే ఉంటాయి. అక్కడి నుంచి ఇళ్ల దగ్గరికి వంకరల కొండదారిలో ముప్పావు గంట పడుతుంది. వెదరిల్ మెసా రోడ్డులోకి 25 అడుగులు దాటిన బండి వెళ్లకూడదు, ఆ వైపు వదిలేయండి.

ఇక్కడొక హెచ్చరిక. ఈ ప్రాంతంలో మామూలు ఫోన్ మ్యాపులను నమ్మి ఆర్వీ నడపకండి. మాన్యుమెంట్ వ్యాలీ నుంచి, రాతి వంతెనలున్న నేచురల్ బ్రిడ్జెస్ కూడా చూద్దామని మీకు ఆశ పుడితే, మ్యాపు మిమ్మల్ని మోకీ డగ్‌వే ఎక్కిస్తుంది. అది కొండ గోడ మీద చెక్కిన 3 మైళ్ల కంకర రోడ్డు, 10 శాతానికి పైగా వాలు, పక్కన రెయిలింగ్ ఉండదు. 28 అడుగుల లోపు, 10,000 పౌండ్ల లోపు బండ్లే వెళ్లాలని యూటా రాష్ట్రమే చెబుతోంది. బండి ఎత్తు, పొడవు, బరువు నమోదు చేసుకునే ఆర్వీ జీపీఎస్ వాడండి. మీ బండి ఎత్తు ఏసీతో కలిపి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి స్టీరింగ్ దగ్గర అంటించండి. పెట్రోల్ బంకు పైకప్పులు, ఫాస్ట్‌ఫుడ్ డ్రైవ్ త్రూలు, చెట్ల కొమ్మలే ఎక్కువ బండ్లను పాడుచేస్తాయి. పైకప్పు, అడుగు భాగాల నష్టాన్ని అద్దె ఇన్సూరెన్సులు చాలావరకు ఇవ్వవు. మీ కారు ఇన్సూరెన్సు, క్రెడిట్ కార్డు రక్షణ మోటార్‌హోమ్‌కు తరచుగా వర్తించవు. ఆ రెండు ఫోన్లు ముందే చేయండి.

మోఆబ్‌లో ఒక రోజుకు చిన్న కారో, జీపో అద్దెకు తీసుకోండి. ఆర్చెస్‌లో పొద్దున 7 దాటితే పెద్ద బండికి చోటు దొరకదు. ముందుగా సమయం బుక్ చేసుకునే నిబంధన అక్కడ కొన్నేళ్లు నడిచింది, ఏ ఏడాదికా ఏడాది మారుతుంది, మీ తేదీలకు ఉందో లేదో చూసుకోండి. పార్కులో విండోస్ అనే చోట కొద్ది నడకలోనే పెద్ద రాతి ఆర్చ్‌లు కనిపిస్తాయి. డెలికేట్ ఆర్చ్‌కు రానుపోను 3 మైళ్లు, 480 అడుగుల ఎక్కుడు, నీడ లేదు. మీరు, పిల్లలు తెల్లవారుజామున వెళ్లిరండి. మధ్యాహ్నం ఎండకు అందరూ బండిలో ఏసీ వేసుకుని పడుకుని, సాయంత్రం కొలరాడో నది వెంట పోటాష్ రోడ్డులో వెళ్తే కొండగోడ మీద పాతకాలపు చిత్రలిపి రోడ్డు పక్కనే కనిపిస్తుంది, దిగి నడవక్కర్లేదు.

మోఆబ్ నుంచి బ్రైస్ 270 మైళ్లు, ట్రిప్ మొత్తంలో పొడవైన రోజు. యూటా 12వ నంబర్ రోడ్డు అందమైనదే కానీ నిలువు వాలులు, రెండు పక్కలా లోయ ఉన్న ఇరుకు కొండ గట్లు ఉన్నాయి. మొదటిసారి నడిపేవాళ్లు ఇంటర్‌స్టేట్ 70, తర్వాత యూఎస్ 89 పట్టుకుంటే మంచిది. గ్రీన్ రివర్‌లో ట్యాంకు నింపండి. అక్కడి నుంచి సలైనా దాకా 100 మైళ్లకు పైగా ఒక్క బంకు, ఒక్క షాపు లేదు. మ్యాపు చూపే సమయానికి నాలుగో వంతు కలుపుకోండి. పొద్దునే బయల్దేరితే మధ్యాహ్నం గాలి లేవకముందే ఎక్కువ దూరం అయిపోతుంది. గాలి బలంగా కొట్టినప్పుడు వేగం గంటకు 50 మైళ్లకు తగ్గించండి, మరీ ఎక్కువైతే ఆగిపోండి. బ్రైస్‌లో పార్కు బయట ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో దిగి షటిల్‌లో వెళ్లండి. సన్‌సెట్ పాయింట్ నుంచి సన్‌రైజ్ పాయింట్ దాకా అర మైలు చదును దారి, పెద్దవాళ్లు తీరిగ్గా నడవొచ్చు. ఎత్తు 8000 అడుగులు, కాబట్టి ఆయాసం రావడం మామూలే, నీళ్లు బాగా తాగించండి.

ఇక ఎవరూ ముందుగా చెప్పని విషయాలు. ఆర్వీలో మూడు ట్యాంకులుంటాయి: మంచినీళ్ల ట్యాంకు ఒకటి, స్నానం, సింకు నీళ్లు పోయే గ్రే ట్యాంకు ఒకటి, టాయిలెట్‌కు బ్లాక్ ట్యాంకు ఒకటి. ఈ సైజు బండిలో ఒక్కోటి సుమారు 30 నుంచి 40 గ్యాలన్లు. మన పెద్దవాళ్లు టాయిలెట్‌లో నీళ్లు వాడతారు. దాని వల్ల బ్లాక్ ట్యాంకుకు మేలే, నీళ్లు తక్కువైతేనే అడ్డుపడుతుంది. కానీ తొందరగా నిండుతుంది. 6 మందికి రెండు రోజులకోసారి ఖాళీ చేయాల్సి వస్తుంది. పగలు క్యాంప్‌గ్రౌండ్ రెస్ట్‌రూమ్‌లు వాడి, బండిలోది రాత్రికి ఉంచుకోండి. ఆర్వీ టాయిలెట్ పేపర్ మాత్రమే వేయాలి, తడి వైప్స్ ఒక్కటి కూడా వేయకూడదు. ఫుల్ హుకప్‌లో ఉన్నా బ్లాక్ ట్యాంకు వాల్వ్ మూసే ఉంచండి. తెరిచి వదిలేస్తే నీళ్లు పోయి మిగతాది అడుగున గట్టిపడుతుంది. ఖాళీ చేసేటప్పుడు చేతికి గ్లవ్స్ వేసుకుని ముందు బ్లాక్, తర్వాత గ్రే. సబ్బు నీళ్లతో గొట్టం అదే శుభ్రమవుతుంది. తాగునీటి గొట్టాన్ని, ట్యాంకులు ఖాళీ చేసే డంప్ స్టేషన్‌లో కడగడానికి ఉండే గొట్టానికి దూరంగా, విడిగా ఉంచండి.

వంట బయట పెట్టుకోండి. లోపల తాలింపు వేస్తే పొగ అలారం మోగుతుంది, వాసన పరుపులకు పడుతుంది, కంపెనీ క్లీనింగ్ చార్జీ వేస్తుంది. పిక్నిక్ బల్ల మీద చిన్న గ్యాస్ స్టవ్ పెట్టుకుంటే చాలు. జూన్‌లో ఎండు గడ్డి వల్ల కట్టెల మంటలు నిషేధించే రోజులుంటాయి, నాబ్ తిప్పితే ఆరిపోయే గ్యాస్ స్టవ్‌లను మామూలుగా అనుమతిస్తారు. నూనె, పప్పు మడ్డి సింకులో పోయొద్దు, కాగితంతో తుడిచి చెత్తలో వేయండి. రైస్ కుక్కర్ తీసుకెళ్లొచ్చు. మీ బండిలో 30 ఆంపుల కనెక్షన్ ఉంటుంది, అంటే అన్నీ కలిపి 3600 వాట్లే. ఏసీ, మైక్రోవేవ్, కుక్కర్ ఒకేసారి వేస్తే బ్రేకర్ పడిపోతుంది. అన్నం ఉడికేంతసేపు ఏసీ ఆపండి.

ఖర్చులో జనం మరిచేది పెట్రోల్. ఇలాంటి బండి గ్యాలన్‌కు 8 నుంచి 10 మైళ్లు ఇస్తుంది. 1400 మైళ్లకు సుమారు 155 గ్యాలన్లు, గ్యాలన్ 4 డాలర్లు అనుకుంటే 620 డాలర్లు. అద్దె మీద మైళ్ల చార్జీ, జనరేటర్ గంటల చార్జీ, దుప్పట్లు, గిన్నెల కిట్ చార్జీ విడిగా ఉంటాయి. మైళ్లు ముందే ప్యాకేజీగా కొంటే చౌక. మట్టి రోడ్ల మీద నడపకూడదని ఒప్పందంలో ఉంటుంది, చదవండి.

వెనక్కి తీసేటప్పుడు ఒకరు దిగి, డ్రైవర్‌కు అద్దంలో కనిపించేచోట నిలబడి చేయి చూపాలి. అద్దంలో కనపడకపోతే డ్రైవర్ ఆపేయాలి, ఇది నియమంగా పెట్టుకోండి. బుక్ చేసేటప్పుడు పుల్ త్రూ సైట్లు, అంటే ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు నుంచి వెళ్లిపోయేవి, అడిగితే వెనక్కి తీసే పనే ఉండదు. మలుపుల్లో బండి వెనక భాగం ఎదురు వైపుకు తిరుగుతుంది, పక్కన స్తంభం ఉందంటే ముందు దూరంగా వెళ్లాకే స్టీరింగ్ తిప్పాలి. సరుకులు కొన్నాక ఖాళీ పార్కింగ్ స్థలంలో అరగంట ఇదే సాధన చేయండి, ఇద్దరూ చేయండి.

ఆఖరి రాత్రి సెయింట్ జార్జ్ ఎందుకంటే, బండి తిరిగి ఇచ్చే వేళ మామూలుగా పొద్దునే ఉంటుంది. అక్కడి నుంచి లాస్ వేగస్ 120 మైళ్లు, పైగా యూటా దాటగానే గడియారం గంట వెనక్కి వెళ్తుంది. ముందు రాత్రే సామాన్లు సర్ది, పొద్దున క్యాంప్‌గ్రౌండ్‌లోనే రెండు ట్యాంకులూ ఖాళీ చేసి, లోపల ఊడ్చి బయల్దేరండి. కంపెనీ దగ్గర్లో బంకు ఆగినప్పుడు పెట్రోల్, ప్రొపేన్ నింపిన రసీదులు ఉంచుకోండి. బండి అప్పగించే ముందు మొదటి రోజు తీసిన వీడియో లాగే ఇంకోటి తీయండి, మీటర్ రీడింగ్, జనరేటర్ గంటల రీడింగ్ అందులో కనిపించాలి. డిపాజిట్ వెనక్కి వచ్చేదాకా ఆ రెండు వీడియోలూ ఫోన్‌లో ఉంచండి.